ఇంటిబండిలో గోదావరీ స్నానయాత్ర



యాత్ర యనగా పోవుట. 'యా' యను ధాతువునకు పోవుట యనియే యర్థము. అందు పుణ్యము గాని, భోజనము గాని, వాహనము గాని చెప్పబడి యుండలేదు. అవి యన్నియు మనము చేర్చుకొన్నవి. నేటి నా ప్రసంగము పుణ్యమును గూర్చినది కాదు. పోవుటను గూర్చినది, పోయి నీటిలో దిగుటను గూర్చినది. మా యింటివారు ఎల్లారెడ్డిపేటనుండి ధర్మపురికి గోదావరీ స్నానమునకు పోదలచి రెండు మాసములుగా నేర్పాట్లు చేయుచున్నారు. ఆ యేర్పాట్ల భారము, విశ్రాంత ఉపాధ్యాయుడనగుటచేత వేరు పని యుండదను నూహతో గాబోలు, నామీద బెట్టిరి. ఈ పని చేయుచుండగా నాకు దోచిన సంగతులు కొన్ని, ఇట్టి ప్రయాణమునకు సిద్ధపడు నితర కుటుంబములకును పనికివచ్చునని తలచి విన్నవించుచున్నాను.

మా ప్రయాణమునకు మూలము మా వదినెగారు. ఆమెకు డెబ్బదియారేండ్లు. నేను నాలుగేండ్ల బాలుడనై యున్నప్పుడు కోడలిగా మా యింట నడుగు పెట్టి, నాకు తలదువ్వి బడికి బంపిన తల్లివంటిది. నేటికిని నన్ను 'బిడ్డా' యనియే పిలుచును. మా యన్నగారు 2019లో గతించిరి. వారి యస్థులను ధర్మపురి గోదావరిలో కలిపితిమి. ఆనాడు ఆడవారెవరును మావెంట రాలేదు. తాను బ్రదికి యుండగా నొక్కసారి ఆ నీటిలో మునిగి రావలెనని యామె కోరిక. గోదావరీ పుష్కరములు 2015లో వచ్చినవి. బృహస్పతి మరల సింహరాశికి వచ్చు 2027లో మరల రానున్నవి. అప్పటిదాక నాగుదమని యెవరో యనగా నామె, "పుష్కరాలల్ల జనం నన్ను తొక్కుతరు గాని గోదారి నన్ను తడపది" అని యూరకుండెను. ఆమె మాట వట్టిది కాదు. 2015 జూలై 14వ తేదీన, పుష్కరముల మొదటినాడే, రాజమహేంద్రవరపు రేవులో తొక్కిసలాట జరిగి యిరువదిమందికి మించి ప్రాణములు విడిచిరి. స్నానమునకు బోవువారు జనము లేని దినము నెన్నుకొనుట పుణ్యమునకు లోటు కాదు.

మొదట బండిమాట చెప్పెదను. నా చిన్ననాట, సుమారు 1965 ప్రాంతమున, మేము ధర్మపురికి ఎడ్లబండిమీద బోయితిమి. గూడు గట్టిన సవారిబండి. దానిని మావైపు కచ్చురమందురు. అడుగున వరిగడ్డి మెత్తగా బరచి, దానిమీద జంపఖానా, ఆపైన బొంత. వెనుక జొన్నల మూట, ఒక రాగిబిందె, చేద, చేంతాడు, ఇత్తడి గిన్నెలు, పొయ్యికి మూడురాళ్లు త్రోవలోనే దొరకును గనుక మోయవలసిన పనిలేదు. ఇరుసు క్రింద కందెన బుర్ర వ్రేలాడుచుండెడిది. ఎడ్లకు దాణా, మనుష్యులకు సద్ది. దినమునకు ఆరేడు క్రోసుల నడక. చీకటి పడునప్పటికి చింతతోపును, దానిప్రక్క బావియు నున్నచోట బండి విప్పవలెను. నాలుగుదినముల త్రోవ. నేడు మోటారు బండిలో మంచమును, వంటయిల్లును, నీళ్లతొట్టియు నమర్చి దానికి 'కేరవాన్' అని పేరు పెట్టి యిదియొక నవీనమైన విశేషమని చెప్పుచున్నారు. కేరళ ప్రభుత్వము 2021లో నీ బండ్లకై ప్రత్యేకముగ నొక విధానమునే ప్రకటించినది. నేను దీనిని 'ఇంటిబండి' యని పిలిచెదను. ఇంటిని చక్రములమీద నెక్కించుట మా తాతలెరుగని విద్య కాదు; ఎడ్లు మారినవి, అంతే.

ఇంటిబండి బాడుగకు దెచ్చుటా, కూర్చుండి పోవు వ్యాను మాట్లాడుటా యను చర్చ మా యింట పదిదినములు సాగినది. ఇంటిబండి హైదరాబాదునుండి రావలెను; దాని బాడుగ యెక్కువ. పిల్లలు దానియందలి మంచములను జూచి మోహపడిరి. నేను దానికి వ్యతిరేకిని. ధర్మపురిలో సత్రములుండగా రోడ్డుమీద నిద్రయేల యని నా వాదము. ఆ వాదము ఒక్కమాటతో నిలిచిపోయినది. నా భార్య నన్ను వంటయింటిలోనికి బిలిచి, "వదినె ప్రయాణమంటే ముందురోజునుంచే నీళ్లు తాగుడు బంద్ చేస్తది, మీకెరుకనా?" అని యడిగెను. దూరప్రయాణములలో స్త్రీలు, అందు ముదుసలులు, మరుగుదొడ్డి దొరకదను భయమున దప్పిగొనియు నీరు ముట్టకుండుట మన దేశమున సామాన్యము. మధుమేహమున్నవారి కది మరింత కీడు. మంచము లేకున్న జరుగును, వంటయిల్లు లేకున్న జరుగును. బండిలో మరుగుదొడ్డి యుండుట యొక్కటి మా వదినెగారి విషయమున బాడుగకు దగిన కారణము. కావున ఇంటిబండియే నిశ్చయమైనది. అందు వదినెగారు, నా భార్య, నేను, ఇద్దరు పిల్లలు. తక్కినవారు వెంటవచ్చు కారులో.

ఈ బండిని గూర్చి తెలిసికొనవలసిన వి కొన్ని గలవు. ఇది పొడవును ఎత్తును గలది. మా యూరి సందులలో ఇండ్లమీదినుండి వ్రేలాడు కరెంటు తీగలును, చెట్లకొమ్మలును దీనికి శత్రువులు. అందుచే బండి మా యింటి గుమ్మమునకు రాదు, పెద్దరోడ్డుమీద నిలుచును. బండి నడచునప్పుడు ఎవరును మంచముపై బండుకొనరాదు. కూర్చుండి పట్టీ బిగించుకొనవలెను. పిల్లల కీ నియమము రుచింపలేదు. వంటకు చిన్న గ్యాసుబుడ్డి యుండును గాని బండిలోపల వెలిగింపరాదని మేము నిశ్చయించితిమి. 2023 ఆగష్టు 26న మధుర స్టేషనులో, అనగా దక్షిణదేశపు మధురైలో, నిలిపియుంచిన యాత్రికుల రైలుపెట్టెలో గ్యాసుబుడ్డి కారణముగా మంటలు రేగి తొమ్మిదిమంది మరణించిరి. తెల్లవారుజామున టీ కాచుకొనవలెనను చిన్న కోరిక. మూసిన యింటిలో, అందును చక్రములమీది యింటిలో, మంట వేరు. చింతతోపు క్రింద మూడురాళ్లమీది మంట వేరు. మా వంట బయటనే జరుగును. అదియు నొక్కపూట, మిగిలినది పులిహోర, జొన్నరొట్టె, పల్లిపొడి, సకినాలు. వదినెగారు దేవుని త్రోవలో హోటలు కూడు ముట్టరు.

దారి సంగతి. ఎల్లారెడ్డిపేటనుండి సిరిసిల్ల, అచ్చటినుండి వేములవాడ. వేములవాడనుండి జగిత్యాలకు రెండు త్రోవలు. ఒకటి కొండగట్టు వైపుది, దగ్గర. రెండవది చందుర్తి, రుద్రంగి, కథలాపూరులమీదుగా కోరుట్లకు బోయి, అచ్చట 63వ నెంబరు జాతీయ రహదారిని కలిసికొనునది. ఆ రహదారియే జగిత్యాల మీదుగా ధర్మపురికి దీసికొనిపోవును. ఇది చుట్టు. అయినను మా యన్నగారి కూతురు కోరుట్లలో నున్నది. ఆమె తల్లితో స్నానమునకు రావలసినది గనుక చుట్టుదారియే మాకు దగ్గరదారి. కొండగట్టు దిగువను బోవు త్రోవయందు దోషము లేదు. కొండమీది ఘాటురోడ్డు మాత్రము పెద్దబండ్లకు దగినది కాదని నా యభిప్రాయము. 2018 సెప్టెంబరు 11న మోయదగిన దానికి మించి జనము నెక్కించుకొని దిగుచున్న బస్సొకటి యక్కడ లోయలో బడి అరువదిమందికి పైగా చనిపోయిరి. ఆ దినమున మా ప్రాంతమున కన్నీరు పెట్టని యూరు లేదు. ఇంటిబండిలో నైదుగురికి చోటుండగా, 'ఇంకొక్కరు, ఇంకొక్కరు' అని యడుగువారు మాకును గలరు. వారికి నేను చెప్పు సమాధానమిదే.

తిథి నిర్ణయము నాకు మిక్కిలి శ్రమ గలిగించినది. జ్యోతిషము వలన గాదు, జనము వలన. కార్తికమున రేవులన్నియు నిండియుండును. ముక్కోటి యేకాదశికి ధర్మపురిలో నిలువ జోటుండదు. మాఘమున శివరాత్రికి వేములవాడ దాటుట కష్టము; పైగా రెండేండ్లకొకసారి సమ్మక్క సారలమ్మ జాతరకు బోవువారు ముందుగా వేములవాడ రాజన్నను దర్శించుట మా సీమ యాచారము గనుక ఆ యేడు పుష్యము చివరనుండియే యా దారి నిండును. ఫాల్గుణమున ధర్మపురి నరసింహస్వామి యుత్సవములు. వేసవిలో నీరు సన్నగిల్లును. వర్షాకాలము మాట తలపనేవలదు. అన్నిటిని ద్రోసివేయగా, కార్తికము ముగిసిన తరువాత ముక్కోటికి ముందున్న కొలదిదినములు మిగిలినవి. అందును శని ఆదివారములు కాని దినము. పంచాంగములో యాత్రాముహూర్తము చూచుట నా వంతు పనియే గాని, ఈసారి నేను పంచాంగము విప్పుటకు ముందే మూడువంతుల ముహూర్తము నిశ్చయమైనది.

ఇక నీటిమాట. ఈ ప్రసంగమున కిదియే ప్రాణము.

మనుస్మృతి నాలుగవ యధ్యాయమున స్నానమునకు గొన్ని నిషేధములు చెప్పబడినవి. భుజించిన వెంటనే స్నానము చేయరాదు, రోగియై చేయరాదు, నడిరేయి చేయరాదు, తెలియని జలాశయమున చేయరాదు. నేను విద్యార్థిగా నున్నప్పుడు మొదటి మూడింటిని గురువుగారు చప్పున చెప్పి, నాలుగవదానివద్ద నాగిరి. 'తెలియని' యనగా నేమి? లోతు తెలియనిది, అడుగు తెలియనిది, మొసలి యున్నదో లేదో తెలియనిది అని వారు వివరించిరి. ఇప్పుడు మరియొకటి చేర్చవలసి యున్నది: పైనుండి యెప్పుడు నీరు వదలుదురో తెలియనిది.

మా వదినెగారికి ధర్మపురి రేవు తెలియును. ఎడ్లబండిలో బోయిన నాడు ఆమెయు బండిలో నుండెను, పదునారేండ్ల కొత్తకోడలు. "నడుము లోతు దాక ఇసుకనే ఉంటది బిడ్డా, కండ్లు మూసుకొని పోవచ్చు" అని యామె చెప్పును. ఆమె చెప్పునది సత్యమే, కాని యది 1965 నాటి సత్యము. అప్పటికి పోచంపాడు ఆనకట్టకు 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసియుండిరి గాని నీరు నిలుపలేదు. నాటి గోదావరి నాసిక దగ్గరి త్ర్యంబకమున బుట్టి, కందకుర్తివద్ద మంజీరను గలుపుకొని, వర్షమును బట్టి పెరిగి, ఎండను బట్టి తరిగెడిది. దాని కోపమును మేఘములను జూచి యూహింపవచ్చును. నేడు ధర్మపురికి ఎగువను శ్రీరాంసాగరము గలదు. ఆకాశము నిర్మలముగ నుండి యెండ కాయుచుండగా, ఎగువ నెక్కడనో మహారాష్ట్రమున గురిసిన వానకు తలుపులెత్తినచో, ఇచ్చట నీరు పెరుగును. మేఘమును జూచి నదిని జదువుట యిక చాలదు. ఎరిగిన రేవు ఎరుగని రేవైనది. మారినది వదినెగారి జ్ఞాపకము గాదు, నది.

ఇసుకమాటయు నట్టిదే. నదీగర్భములనుండి యిసుకను త్రవ్వి తరలించుట మన నదులన్నిటను జరుగుచున్నది. త్రవ్వినచోట గుంత మిగులును. పైన నీరు సమముగ గనబడును. మోకాలిలోతున నడచుచున్న బాలుడు మరుసటి యడుగున నిలువెత్తు నీటిలో నుండును. ఏటేట మన పత్రికలలో చదువు వార్తలలో పెక్కింటికి మూలమిదియే: స్నేహితులు నలుగురు, సెలవుదినము, ఒకడు జారుట, వానికై రెండవవాడు, వానికై మూడవవాడు.

నీరు చేయగల పనిని మేము దూరమునుండి మాత్రమే విన్నవారము కాము. మాకు సమీపమున గంభీరావుపేట మండలమందలి నర్మాలవద్ద మానేరుమీద నెగువ మానేరు జలాశయము గలదు. 2025 ఆగష్టు చివరి వరదలలో నచ్చట నీటినడుమ చిక్కిన రైతులను హెలికాప్టరులో దీసికొని రావలసివచ్చెను. వారందరును ఆ యేటి యొడ్డుననే పుట్టి పెరిగినవారు.

నా మనుమడు పదునొకండేండ్లవాడు, హైదరాబాదులో జదువుచున్నాడు. యాత్ర యనగానే వాడడిగిన మొదటి ప్రశ్న, "తాతా, అక్కడ ఈత కొట్టొచ్చా?" అని. వానికి ఈత రాదు. మా బాల్యమున ఈత రానివాడు అరుదు. మోటబావిలో పెద్దవాడొకడు నడుమునకు ఎండిన సొరబుర్రలు గట్టి త్రోసివేసెడివాడు, నాలుగవనాటికి ఒక బుర్ర విప్పెడివాడు, పదియవనాటికి రెండవది. బోరుబావులు వచ్చినవి, మోటబావులు ఎండినవి, కొన్నిటిని పూడ్చివేసిరి. ఒక తరమునకు నీటిపారుదల సులభమైనది గాని, ఆ తరమువారి పిల్లలకు ఈత నేర్పు బడి మూతబడినది. నేను ముప్పది యేండ్లకు మించి బడిలో తెలుగు చెప్పినవాడను. ఛందస్సు రాకున్న బ్రదుకవచ్చును, ఈత రాకున్న మానేటి యొడ్డున బ్రదుకుట ప్రమాదము. ఈ మాట పండితులు క్షమింతురు గాక.

వానికి నేను పెట్టిన నియమమిది. ప్రయాణము లోపల నిలువనీటిలో, ఈత నేర్పువాని యెదుట, కాలు నేల మోపక పావుగంట తేలియుండగలిగినచో నడుములోతువరకు రావచ్చును. లేనిచో మెట్లమీదనే స్నానము. వాని తల్లి యిది కఠినమనెను. నిజమునకిది మెత్తని నియమము. కొలనులో నీదగలవాడు ఏటిలో నీదగలవాడు కాడు. కొలనులో నీరు నిలిచియుండి మనిషి కదలును, ఏటిలో మనిషి నిలిచినను నీరు వానిని గదల్చును. పావుగంట తేలుట వచ్చినంతమాత్రమున వానిని ప్రవాహమున విడువను. భయపడక నా చేతికి దొరకునట్లు నుండుటకు మాత్రమది చాలును.

ఇక త్రాగునీటి క్యానులనుండి యొక యుపాయము చెప్పెదను. పదునొకండుగురము, డ్రైవర్లిద్దరు. తలకు దినమునకు మూడు లీటర్లు, రెండుదినములకు డెబ్బదియెనిమిది లీటర్లు. అనగా ఇరువదిలీటర్ల క్యానులు నాలుగు. వీనిలో త్రోవలో ఖాళీయైన రెంటిని పారవేయక మూత బిగించి, బలమైన త్రాటిచివర గట్టి, రేవున నొడ్డుమీద నుంచవలెను. ఖాళీ క్యాను నీట మునుగుటకు ఇరువది కిలోల బరువు కావలెను. నీటిలోనున్న మనిషి తల పైన నిలుచుటకు గావలసిన యాసరా అందులో కొలదిభాగమే. ఎవరైన మునుగుచున్నచో వారివెంట దూకరాదు. క్యానును విసరి త్రాడు పట్టి లాగవలెను. త్రాడు లేనిచో పంచె, చీర. మునుగువాడు రక్షింపవచ్చినవాని మెడను గౌగిలించుకొనును. అందుకే యొకనికై దిగినవారు ఇద్దరై మునుగుదురు. మా యల్లుడుగారికి ఈత వచ్చును. ఆయన యొడ్డుననే త్రాడు పట్టుకొని నిలుచును. తన వంతు స్నానము, మిగిలినవారందరు పైకి వచ్చిన తరువాత.

వదినెగారి స్నానము వేరు సమస్య. ఆమె కోరినది మూడు మునుగులు. మోకాళ్లు వంగవు, పాచిపట్టిన మెట్టుమీద జారినచో తుంటి యెముక విరుగును, ఆ వయస్సున నది మామూలు గాయము కాదు. తెల్లవారుజామున మార్గశిరపు చలిలో ముంచుట ధర్మము కాదు. శాస్త్రమున స్నానములు ఏడు విధములుగ జెప్పబడినవి. నీట మునుగు వారుణమొక్కటే స్నానము కాదు. మంత్రముచేత చేయునది, భస్మముచేత చేయునది, గోధూళిచేత చేయునది, ఎండలో గురియు వానచేత చేయునది, మృత్తికచేత చేయునది, చివరకు మనస్సుచేత చేయునది కూడ గలవు. అశక్తుల కొరకే యీ విభాగము. ఈ సంగతి నేనామెకు వివరించితిని. ఆమె యంతయు విని, "మనసుల మునుగుడు ఇంట్ల కూడ అయితది గద బిడ్డా, దానికి ధర్మపురి దాక బండెందుకు?" అనెను. ఈ ప్రశ్నకు నా చదువులో జవాబు దొరకలేదు.

చివరకు కుదిరిన యొప్పందమిది. ఉదయము కొంచెము తిని మందు వేసికొనవలెను, ఉపవాసము లేదు. పిమ్మట మూడుగంటలు గడచి, ఎండ బాగుగ వచ్చి, పదునొకండు గంటల వేళ రేవు చేరవలెను. నీరు మెట్లను తాకుచున్నచోట, పాచి గీకి శుభ్రము చేసిన మెట్టుమీద నొక ప్లాస్టికు కుర్చీ. కుర్చీలో నామె కూర్చుండగా పాదములు, పిక్కలు గోదావరిలో నుండును. ఇరుప్రక్కల కూతురును, నా భార్యయు. రాగిచెంబుతో మూడుమారులు తలనుండి నీరు పోయుదురు. ప్రవాహమున పాదములుంచి ఆ ప్రవాహపు నీటిని తలపై బోసికొన్నది వారుణస్నానమే యని నేను నిర్ణయము చెప్పితిని. దీనికి ప్రమాణ మడుగువారెవరైన నున్నచో మా యింటికి వచ్చి మా వదినెగారితో వాదింపవచ్చును.

ఇంటిబండి రేవుదాక పోదు. ఇసుకలో చక్రము దిగినచో ట్రాక్టరు దెచ్చి లాగవలెను; అంతకంటె, బండి యడుగున నున్న మురుగుతొట్టి నాకు భయము. ఇంటిబండి బాడుగకిచ్చువారు మంచమును, టీవీని జూపుదురు. మురుగుతొట్టి యెక్కడ గుమ్మరించవలెనో చెప్పువారరుదు. మనుష్యులులేని చోట, అనగా నేటిగట్టున, ఒక తిప్పు తిప్పి వదలివచ్చుట డ్రైవర్లకు సులభము. నీటిలో మలమూత్రములును, ఉమ్మియు విడువరాదని స్మృతి స్పష్టముగ నిషేధించినది. స్నానమునకు బోయి మన తొట్టిని ఆ నీటియెగువననే గుమ్మరించితిమేని, క్రింది రేవులోనివారు మన యింటి మురుగులో మునుగుదురు. అందుచే బాడుగ మాటలాడునాడే, దిగబోవు బసలో సెప్టికు ట్యాంకున్నదా, అందు బోయనిత్తురా యని ఫోనులో నడిగి, ఒప్పుకొన్న తరువాతనే గది మాటలాడితిమి. తొట్టి అచ్చటనే ఖాళీ చేయవలెను, నా కండ్లయెదుట. డ్రైవరు నన్ను చాదస్తుడనుకొనినను సరే.

ఈ విషయమున మా యన్నగారి మనుమడు చెప్పిన సంగతి యొకటి వినదగినది. అతడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున నున్నాడు. అచ్చటి ఆస్టిను నగరము నడుమ బార్టన్ స్ప్రింగ్స్ అను సహజమైన ఊటకొలను గలదు. మూడెకరముల వైశాల్యము, భూగర్భమునుండి యూరు నీరు, ఏడాది పొడవునను ఇంచుమించు ఇరువది యిరువదియొక డిగ్రీల చల్లదనము. ఆ నగరమున మన తెలుగువారు వేలకొలది నున్నారు. సెలవులకు వచ్చిన చుట్టములను అచ్చటికి గొనిపోవుట వారికి పరిపాటి. ఇతడును తన మిత్రులతో ఇంటిబండిలో బోయెను. బండిని కొలనుదాక దీసికొనిపోవు తలంపే వారు పెట్టుకొనలేదట. ఇంటిబండ్లకై నీళ్లును కరెంటును మురుగుకాలువయు నేర్పరచిన విడిదిలో దానిని నిలిపి, కొలనుకు వేరుగ బోయిరట. వారమున కొకదినము, గురువారమునాడు, కొలనును మూసి శుభ్రము చేయుదురు. ఆ యూటలలో మాత్రమే బ్రదుకు చిన్న ఉభయచర జంతువు గలదు. దానిని 1997లో అంతరించు ప్రమాదమున నున్న జీవిగా ప్రకటించి, దానికి హాని కలుగనట్లు శుభ్రము చేయుదురట. ఒడ్డున నీటిలో బడినవారిని గాపాడుటకు జీతగాండ్రు కూర్చుండి యుందురు. ఆ నీటిని వారు దేవత యనరు, మ్రొక్కరు, పసుపు కుంకుమ చల్లరు. మ్రొక్కు మన రేవులో వారమునకొక శుభ్రతాదినమును, ఏడాది పొడవున గాచు నీతగాండ్రను నేర్పరచిన నెంత బాగుండును! ఉత్సవదినములలో పడవలును, ఈతగాండ్రును మనకును వత్తురు. నదికి మాత్రము మామూలు మంగళవారమును, ఉత్సవదినమును ఒకటియే.

ప్రయాణమున కింకను కొన్ని చిన్నపనులు మిగిలియున్నవి. సిరిసిల్లలో నిరువది గజముల నైలాను త్రాడు కొనవలెను. వేములవాడలో ధర్మగుండమువద్ద ఎంతసేపాగుదుమో ముందే నియమించుకొనవలెను. లేనిచో కోరుట్ల చేరునప్పటికి చీకటి పడును. ధర్మపురి చేరిన సాయంకాలము స్నానము లేదు. ఆ పూట నేనును అల్లుడును రేవునకు బోయి, అచ్చటి పడవవారినో, బట్టలుతుకు వారినో, నిత్యము దిగువారినో యడిగి, ఏ మెట్టువద్ద నెంతలోతు, ఎక్కడ గుంత, ఎక్కడ వడి యని తెలిసికొని, పొడవైన వెదురుగడతో మేమును గొలిచి, దిగవలసిన చోటునకు రెండు ప్రక్కల గుర్తు పెట్టి వత్తుము. బయలుదేరుటకు ముందునాడును, స్నానమునాటి యుదయమునను శ్రీరాంసాగరమునుండి నీరు వదలుచున్నారా యని కనుగొనవలెను. వదలుచున్నామన్న వార్త వచ్చినచో ఆ దినమున స్వామి దర్శనము మాత్రమే; శేషప్పకవి తన నరసింహశతకమున సంబోధించిన స్వామి గుడి రేవునకు దగ్గరనే యున్నది గనుక వదినెగారిని కుర్చీలోనే గొనిపోవచ్చును. మరునాడు మరల చూతుము. అందుకే బండి నొకదినమెక్కువగ మాటలాడితిమి.

వదినెగారు తన పెట్టె యప్పుడే సర్దుకొన్నారు. అందు మా యన్నగారి పట్టుపంచె యొకటి గలదట. ఏల యని నేనడుగలేదు. మనుమడు హైదరాబాదునుండి నిన్న ఫోను చేసి, ఈత నేర్చు కొలనులో ఆరు నిమిషములు తేలితినని చెప్పెను. ఇంకను తొమ్మిది నిమిషములు కావలెనని చెప్పితిని. ప్రయాణమునకు నలువది దినములు గలవు.